సీత్ల రాళ్ల మీద వండిన అన్నం

కేసముద్రం స్టేషన్‌లో దిగేసరికి పొద్దున ఏడుంబావు. అరవై తొమ్మిదో సంవత్సరం, ఆషాఢం, గురువారం. రెండు రోజులుగా వాన. మేము ఇరవై ఇద్దరం. ఒక జమాదారు, ఒక వైర్‌లెస్ మనిషి, ఒక వంటమనిషి, పంతొమ్మిది మంది సిపాయిలం. మనిషికొక త్రీనాట్‌త్రీ రైఫిల్, యాభై తూటాలు, ఒక కంబళి, ఒక రబ్బరు గుడ్డ. ఇవిగాక రెండు డేరాలు, బియ్యం బస్తాలు, ఒక పప్పు బస్తా, అన్నం వండే పెద్ద గంజులు రెండు.

స్టేషన్ గోడ మీద తారుతో ఏదో రాసి ఉంది. నాకు అప్పుడు చదువు రాదు. పక్కవాణ్ణి అడిగాను. "జై తెలంగాణ అని రాసిండ్రు. ఇంకేం రాస్తరు గీ దినాలల్ల?" అన్నాడు. మేము దిగిన బండి డోర్నకల్ చేరలేదు. పట్టాల మీద జనం కూర్చున్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ దారిలో ఏ వైపుకూ బండి నడవలేదు. మేము వచ్చిన దారి మా వెనకాలే మూసుకుపోయిందన్నమాట. ఆ సంగతి మాకు ఆ రోజు తోచలేదు.

సామాను రెండు ఎడ్లబండ్ల మీద వేసి నడిచాం. ఆరు కోసులు. బురద మోకాళ్ల దాకా. భూపాలపల్లి అడవుల దాకా పోయే చెట్లు అక్కడే మొదలవుతాయి. సాయంత్రం నాలుగింటికి చేరాం.

పని ఏమిటంటే, అది సర్కారు కంచె. పశువులు మేసే భూమి. ఆ భూమిని కోస్తా నుంచి వచ్చినవాళ్లకు రాసిస్తారని పుకారు పుట్టింది. నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. నలభై లంబాడీ కుటుంబాలు రాత్రికి రాత్రి వచ్చి పొదలు కొట్టి, గుడిసెలు వేసి, జొన్న చల్లాయి. వాళ్ల దగ్గర గొడ్డళ్లున్నాయి, వడిసెలలున్నాయి, పందులను కొట్టే నాటు తుపాకులు రెండున్నాయి. వాటిని దాచలేదు. పట్టా కాగితం ఇచ్చేదాకా కదలమని చెప్పి, ఆయుధాలు చూపించే కూర్చున్నారు.

మాకు ఇచ్చిన హుకుం చిన్నది. సర్వేయర్ వచ్చి గొలుసుతో కొలుస్తాడు. హద్దురాళ్లు పాతుతాడు. తర్వాత గుడిసెలు తీయించాలి. అప్పటిదాకా కాపలా. హుకుం లేకుండా తూటా పేలకూడదు. బాగానే ఉంది. కానీ ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. సర్వేయర్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. వాళ్లు ఎదురుచూసేదీ అతని కోసమే, మేము ఎదురుచూసేదీ అతని కోసమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వరంగల్‌లో బయలుదేరే ముందు వరసలో నిలబెట్టి పెద్ద సాబ్ అడిగాడు, "మీలో తండాల నుంచి వచ్చినవాళ్లుంటే ఒక అడుగు ముందుకు రండి" అని. నేను రాలేదు. పటాలం రిజిస్టర్‌లో నా పేరు రాజయ్య. భర్తీ చేసిన హవల్దారు రాసుకున్న పేరు అది. నా యాడి పెట్టిన పేరు రూప్లా. మా తండా చిల్పూర్ గుట్టల కింద, జనగామ వైపు. యాడి అంటే మా భాషలో తల్లి. ముందుకు అడుగేస్తే నౌకరీ పోతుందని భయపడ్డాను. తీసేసేవాళ్లు కాదేమో, ఇంకో చోటికి పంపేవాళ్లేమో. నేను అడగలేదు.

డేరాలు వేయడానికి జమాదారు ఒక దిబ్బ ఏరుకున్నాడు. చుట్టూ నీళ్లు నిలిచిన నేల, అదొక్కటే పొడి. మూడు వైపులా వాగు తిరిగి పోతోంది. నాలుగో వైపు జొన్న చల్లిన చేను, దాని అవతల రెండు వందల గజాల దూరంలో వాళ్ల గుడిసెలు. జమాదారు కోస్తావాడు. మనిషి మంచివాడే. "చుట్టూ ఏరుంటే కాపలా సులువురా" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

వంటమనిషి రాళ్ల కోసం దిబ్బ దిగాడు. పెద్ద గంజులు రెండు, గంజుకు మూడు రాళ్లు. కాసేపటికి కేక వేశాడు. "రాజయ్యా! అయిదు తెచ్చిన. మోదుగు చెట్టు కింద ఇంకా రెండున్నయి. జర తేపో."

వెళ్లాను. మోదుగు చెట్టు కింద గడ్డి. గడ్డిలో వరసగా అయిదు గుంటలు. వాటి పక్కన, అదే వరసలో, తూర్పుకు ముఖం పెట్టి రెండు రాళ్లు. సిందూరం వానకు కడుక్కుపోయింది. ఒకదాని వెనక, వాన తగలని చోట, బొటనవేలంత ఎర్రటి మరక మిగిలింది.

సీత్ల అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. పశువులకూ పిల్లలకూ జబ్బు రాకుండా చూసే తల్లి. ఏడుగురు అక్కచెల్లెళ్లు. గుడి ఉండదు, బొమ్మ ఉండదు. ఊరి బయట ఏడు రాళ్లు, అంతే. వానలు పడ్డాక ఒక మంగళవారం తండా మొత్తం పశువులను తోలుకొని, ఉడికించిన గుగ్గిళ్లు పట్టుకొని అక్కడికి పోతుంది. మావాళ్లు కొత్త నేలకు పోతే గుడిసె కంటే ముందు ఆ ఏడుగురిని నిలబెడతారు. ఆ తర్వాతే అది ఉండే చోటు అవుతుంది. చిన్నప్పుడు నేను ఆ రాళ్ల ముందు మేకపిల్లను పట్టుకొని నిలబడ్డవాణ్ణే.

ఆ రెండు రాళ్లనూ నేనే పెకిలించాను. ఒక్కొక్క భుజం మీద ఒకటి పెట్టుకొని దిబ్బ ఎక్కాను. కాపలా సిపాయి ఒకడు, జనగామవాడు, నన్ను చూసి నవ్వాడు. "ఏంది వయా, నీ బిడ్డల లెక్క మోసుకొస్తున్నవ్!" అన్నాడు. నేనూ నవ్వాను. ఆరు రాళ్లు పొయ్యిల కిందికి పోయాయి. ఏడోదాని మీద వంటమనిషి మిరపకాయలు నూరాడు.

ఆ అన్నం తిన్నాను. ఆకలిగా ఉంది, తిన్నాను.

శనివారానికి వాగు పెరిగింది. ఆదివారం ఎడ్లబండ్లు వచ్చిన దారి మునిగింది. వైర్‌లెస్‌లో ఒకటే మాట: "ఉన్నచోటే ఉండండి. వాగు తగ్గాక లారీ వస్తుంది." డేరాల కింద నీళ్లు ఊరాయి. రైఫిల్ బోల్టులు ఎర్రబారాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నూనె గుడ్డతో తుడిచేవాళ్లం. బూట్లు విప్పితే వేళ్ల సందులు తెల్లగా నాని ఉండేవి. జనగామవాడికి జ్వరం వచ్చింది. అయినా కాపలా తప్పలేదు. ఉన్నదే తక్కువ మందిమి.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి డప్పు వినబడింది. తండా అంతా చేను దాటి వస్తోంది. ముందు పశువులు, వెనక ఆడవాళ్లు, తలల మీద గుగ్గిళ్ల బుట్టలు. పాట మా భాష. నాకు ప్రతి మాటా తెలుసు. జమాదారు రైఫిళ్లు పట్టుకోమన్నాడు.

వాళ్లు మోదుగు చెట్టు దాకా వచ్చారు. పాట ఆగింది.

ఏడు గుంటలు. ఏడింటిలోనూ వాన నీళ్లు.

తర్వాత వాళ్ల పెద్ద, నాయక్, దిబ్బ అడుగుకు వచ్చి తెలుగులో అరిచాడు. "సాబ్! మా దేవతలేడ? వాగుల పారేసిండ్రా?"

"ఏ దేవతలయ్యా? ఇక్కడ గుడే లేదు కదా!" అన్నాడు జమాదారు. నిజంగానే అతనికి తెలియదు.

"గుడి లేదు. మావోళ్లుండె. మీరొచ్చినంక లేరు."

"మేమేమీ తియ్యలేదు. పోండి!"

నేను పొయ్యికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. గంజులో అన్నం ఉడుకుతోంది. నోరు తెరిచి ఒక మాట అంటే అయిపోయేది. అంటే, "నీకెట్లా తెలుసు?" అని జమాదారు అడుగుతాడు. అతను ఆ మాట అడుగుతాడనే నేను నోరు మూసుకున్నాను.

వాళ్లు పోలేదు. పశువులను వెనక్కి తోలి, ఆడవాళ్లను పంపి, మగవాళ్లు గొడ్డళ్లతో చేను గట్టు పొడుగునా కూర్చున్నారు. ఎనభై తొంభై మంది. రెండు తుపాకులూ ముందు వరసలో ఉన్నాయి. "మా తల్లులను చూపిచ్చేదాంక మీలొక్కడు దిగడు" అన్నాడు నాయక్. మూడు వైపులా వాగు, నాలుగో వైపు వాళ్లు. దిబ్బ ఎంతంటే, ఈ చివర నుంచి ఆ చివరకు నలభై రెండు అడుగులు. ఎందుకు కొలిచానో తెలియదు. చేయడానికి ఇంకేమీ లేదు.

చెప్పుకోవడానికి బాగుండదు కానీ చెబుతాను. ఇరవై ఇద్దరం ఆ నలభై రెండు అడుగుల్లోనే అన్నీ. తినడం, పడుకోవడం, దొడ్డికి పోవడం. వాగు నీళ్లు ఎర్రగా ఉండేవి. గుడ్డలో వడకట్టి తాగాం. కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు. బుధవారం మధ్యాహ్నం వైర్‌లెస్ బ్యాటరీ అయిపోయింది. వైర్‌లెస్ మనిషి చెవులకు పెట్టుకున్నవి తీయకుండానే కూర్చున్నాడు.

"ఏమంటున్నరు?" అని అడిగాడు జనగామవాడు.

"ఏమంటలేరు."

"మరి తియ్యరాదు, చెవులు నొస్తలేవా?"

"తీస్తే మనం ఒక్కలమే ఉన్నట్టు కొడుతది."

ఆ సాయంత్రం వాళ్ల వరసలోంచి మాటలు గాలికి వచ్చాయి. నాకొక్కడికే అర్థమయ్యాయి. ఈ మంగళవారం పూజ తప్పింది, ఒక దూడ చచ్చింది, రేపో ఎల్లుండో పిల్లలకు జబ్బు వస్తుంది అని ఆడవాళ్లు ఏడుస్తున్నారట. రేపు పొద్దు గుంకేలోపు దిబ్బ ఎక్కుదాం అని ఒకడు అన్నాడు. ఇరవై ఇద్దరే కదా అన్నాడు ఇంకొకడు. ఇరవై ఇద్దరమే. కానీ మా దగ్గర వెయ్యి తూటాలకు పైనే ఉన్నాయి. ఎక్కితే ఏమవుతుందో వాళ్లకంటే నాకు బాగా తెలుసు.

గురువారం పది గంటలకు జమాదారు ముందు నిలబడ్డాను. అంతా చెప్పాను. పేరు చెప్పాను, తండా చెప్పాను, రాళ్లు ఎక్కడున్నాయో చెప్పాను. రేపటి మాట కాదు, ఇవాళే ఎక్కుతారని చెప్పాను.

అతను కొట్టలేదు. కొడితే బాగుండేది.

"ఒరేయ్, వారం రోజుల నుంచి ఆ రాళ్ల మీద వండిన కూడు తింటూ నోరెత్తలేదట్రా నువ్వు?"

"భయమైంది సాబ్."

"భయమా? ఇంతమందిని ఏటి మధ్యలో కూచోబెట్టి నీకు భయమా?" టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నాడు. "పొయ్యి కింద ఉన్నవేనా? అన్నీ?"

"ఆరు పొయ్యిల కింద. ఏడోది మిరపకాయల కాడ."

జమాదారు బూట్లు విప్పాడు. ఒట్టి కాళ్లతో పొయ్యి దగ్గరికి పోయి దణ్ణం పెట్టాడు. వంటమనిషి గరిటె పట్టుకొని బిత్తరపోయి చూశాడు. "నాకు తెల్వదు సాబ్, నా పిల్లల మీద ఒట్టు, రాళ్లనుకున్న" అన్నాడు. "నువ్వు రాళ్లే అనుకున్నావు. పక్కకు జరుగు" అన్నాడు జమాదారు.

తర్వాత దిబ్బ అంచున నిలబడి అరిచాడు. "నాయక్! మీ దేవతలు ఇక్కడే ఉన్నారు. పొరపాటు మాదే. ముగ్గురు రండి, చేతుల్లో ఏమీ లేకుండా. ఇచ్చేస్తాం!"

అవతల కలకలం. నాయక్ గొడ్డలిని గట్టు మీద పెట్టేశాడు. అతని తమ్ముడు కూడా పెట్టేశాడు. వాళ్ల వెనక ఒక ముసలావిడ బయలుదేరింది. రాళ్లను నిలబెట్టినావిడ ఆమేనని తర్వాత తెలిసింది. మా యాడి వయసే ఉంటుంది. ముగ్గురూ చేను దాటి వస్తున్నారు. పదకొండు దాటి ఇరవై నిమిషాలు.

"తొందరగా తియ్యరా!" అన్నాడు జమాదారు నాతో.

వాళ్లు వచ్చేసరికి దేవతలు పొయ్యి కింద కనబడకూడదు. నా తలలో అదొక్కటే ఉంది. గంజు దింపాను. కట్టెలు కాలితో తన్నేశాను. రాయి పట్టుకుంటే చెయ్యి కాలింది. వారం రోజుల వేడి. పక్కనే నీళ్ల బిందె ఉంది. ఎత్తి కుమ్మరించాను.

ఠప్పుమంది.

వేడి రాయి మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. ఏ ఆడమనిషికైనా తెలిసిన సంగతి. నేను వంట చేసినవాణ్ణి కాదు. ఆ చప్పుడు అచ్చం నాటు తుపాకి చప్పుడు. ఆవిరి, బూడిద తెల్లగా పైకి లేచాయి. జనగామవాడు మూడు రోజుల జ్వరంతో రైఫిల్ మీద ఒరిగి నిలబడి ఉన్నాడు. ఉలిక్కిపడి కాల్చాడు. ఒక్క రౌండు.

నాయక్ తమ్ముడు కూర్చుండిపోయాడు. ముందు నేను అతను బురదలో జారాడనుకున్నాను. తొడ కింద నీళ్లు ఎర్రబడ్డాయి.

"కాల్చకండి! ఎవడూ కాల్చకండి!" జమాదారు రైఫిళ్లకు అడ్డంగా పరిగెత్తాడు. గట్టు మీద జనం లేచారు. ఆ రెండు తుపాకులూ లేచాయి. జనగామవాడు రైఫిల్ కింద పడేసి, "నన్ను కాల్చిండ్రనుకున్ననన్నా, నన్నే కాల్చిండ్రనుకున్న" అని అంటూనే ఉన్నాడు.

ముసలావిడ ఆగలేదు. చెయ్యి వెనక్కి చాపి తన వాళ్లను ఆపింది. దిబ్బ ఎక్కింది. మా మధ్యలోంచి నడిచి పొయ్యి దగ్గరికి వచ్చింది.

నేను మా భాషలో అన్నాను. వారం రోజుల తర్వాత మొదటిసారి. "యాడీ, తుపాకి కాదు. రాయి పగిలింది. నేనే నీళ్లు పోసిన."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు మనోడివా?"

"ఔ యాడీ."

"అట్లయితే నీకు ముందే తెలుసు."

అంతే అంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు.

వాళ్లు అతన్ని మంచం మీద వేసుకొని, అడవిలో చుట్టు తిరిగి, మానుకోట దవాఖానకు మోసుకుపోయారు. వరంగల్ తీసుకుపోదామంటే బండ్లు లేవు. కాలు పోయింది. గట్టు మీద ఇంకెవరూ కూర్చోలేదు. మమ్మల్ని ఆపేవాళ్లు లేరు, కానీ దారి మీద వాగు ఉంది, ఉన్నచోటే ఉండమన్న హుకుం ఉంది. ఇంకా రెండు రోజులు ఆ దిబ్బ మీదే ఉన్నాం. వేరే రాళ్లు తేవడానికి ఎవరికీ కాళ్లాడలేదు. పచ్చి బియ్యం నమిలాం.

శనివారం వాగు తగ్గింది. రెండు లారీల బలగం వచ్చింది. గుడిసెలు పీకేశారు. కొలిచేవాడు రాకుండానే.

విచారణకు ఒక సాబ్ వచ్చాడు. బల్ల అవతల కూర్చొని అడిగాడు.

"చప్పుడు విన్నావా?"

"విన్న సాబ్."

"ఆ తర్వాతే మనవాడు కాల్చాడు?"

"ఔ సాబ్. గని అది తుపాకి గాదు. రాయి సాబ్. నేనే నీళ్లు పోసిన."

అతను చాలాసేపు రాశాడు. నేను చెప్పిందే రాస్తున్నాడనుకున్నాను. కాగితం నా వైపు తిప్పాడు. వేలిముద్ర వేశాను.

కొన్ని నెలల తర్వాత కోర్టులో ఆ కాగితం చదివారు. ఆక్రమణదారుల వైపు నుంచి నాటు తుపాకి పేలిన శబ్దం విన్నాను అని ఉంది. అది నా మాటట. బోనులో నాయక్ ఉన్నాడు, పక్కన కర్ర ఊతంతో తమ్ముడు ఉన్నాడు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. "ఈ వేలిముద్ర నీదేనా?" అని అడిగారు. "నాదే" అన్నాను. "సరే, పో" అన్నారు. ఇంకో మాట చెప్పడానికి నోరు ఉంది. తోడుగా ధైర్యం లేదు. అన్నదమ్ములకు శిక్ష పడింది. జమాదారు బయట బీడీ కాలుస్తున్నాడు. "నేనూ రాయి అనే చెప్పానురా. రాయంటే నవ్వారు" అన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

నౌకరీ పూర్తి చేసి తండాకు తిరిగి వచ్చాను. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే బడి పెడితే, పాఠం చెప్పే మనవడి వయసు పిల్లల ముందు పలక పట్టుకొని కూర్చున్నాను. నవ్వేవాళ్లు నవ్వారు. ఒక ఏడాది పట్టింది. సొంతంగా రాసిన మొదటి వాక్యం ఇది: అది తుపాకి కాదు, రాయి. ఆ కాగితం కింద ఇది రాయలేను. అందుకని ఇక్కడ రాశాను.

తెలంగాణ కూడా వచ్చింది. మా తండాలో ఇప్పటికీ సీత్ల చేస్తారు. నేను పశువుల వెనక ఆఖరున నిలబడతాను. రాళ్ల దాకా పోను.

ఆ గురువారం ముసలావిడ పొయ్యి ముందు కూర్చుంది. రాళ్లకు మా గంజి పొంగి ఎండి అట్టలు కట్టి ఉంది. గోటితో గీకింది. తల మీది ఓణీ కొస తడిపి మసి తుడిచింది. ఒకటి, రెండు, మూడు. ఆరింటినీ ఆడవాళ్లు వచ్చి తలల మీద పెట్టుకొని పోయారు. పగిలినదాన్ని మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. రెండు ముక్కలనూ కలిపి, సందు కనబడకుండా రెండు చేతులతో అదిమి, రొమ్ముకు ఆనించుకొని దిబ్బ దిగింది. చేనంతా దాటింది. అది ఇంకా వేడిగానే ఉంది. ఆమె చేతులు విడవలేదు.